పాత తుపాకి జాతకం గొట్టాల కిందే

ఒకప్పుడు వేట ముచ్చటగల జమీందారీ ఇళ్లలో జోడు గొట్టాల తుపాకి లేని గోడ ఉండేది కాదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వాటికి పని తగ్గింది. యూరపు, అమెరికాలలో మాత్రం ఇలాంటి పాత వేట తుపాకులను వెదకి కొని భద్రపరిచే వారు ఎందరో ఉన్నారు. లండన్‌లోని పర్డీ, హాలండ్ అండ్ హాలండ్ వంటి కంపెనీల సరుకు సంపన్నులకే అందుతుంది. అందువల్ల వీరిలో చాలామంది కళ్లు ఎవరూ పేరు వినని పనివాళ్ల తుపాకుల మీద పడ్డాయి.

పేరు చూసి మోసపోరాదు

బెల్జియంలో లియేజ్, ఇంగ్లండులో బర్మింగ్‌హాం, ఫ్రాన్సులో సెంట్ ఎతియెన్, ఆస్ట్రియాలో ఫెర్లాఖ్ తుపాకి పనికి పెట్టింది పేరు. బర్మింగ్‌హాం, లియేజ్‌లలో గొట్టం ఒకరు, మీట యంత్రం ఒకరు, అక్రోటు కర్ర మడమ మరొకరు చేసేవారు. నగిషీ చెక్కేవారు వేరు. పెద్ద కంపెనీకి పనిచేసిన చేతులే చిన్నవాడికీ పనిచేసిన సందర్భాలున్నాయి. కాబట్టి పేరు చిన్నదైనా పని గొప్పది కావచ్చు.

దీనికి తలకిందులైన సంగతీ ఉంది. ప్రసిద్ధ ఇంగ్లీషు పేర్లను పోలిన పేర్లతో బెల్జియం నుంచి చౌక తుపాకులు వచ్చేవి. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్నమాట. మద్రాసు పి.ఆర్ అండ్ సన్స్, కలకత్తా రాడా కంపెనీ పేర్లున్న తుపాకులు చాలావరకు ఇంగ్లండులో తయారైనవే. అది అమ్మిన దుకాణం పేరే తప్ప చేసినవాడి పేరు కాదు.

గుర్తులే సాక్ష్యం

తుపాకిని విప్పి గొట్టాల కింద చూస్తే చిన్న చిన్న ముద్రలు కనిపిస్తాయి. ఎక్కువ మందు దట్టించి పేల్చి, తట్టుకుందని తేల్చాక ప్రభుత్వ గుర్తింపుగల పరీక్షాశాల వేసిన ముద్రలివి. లియేజ్ పరీక్షాశాల 1672లో, బర్మింగ్‌హాం పరీక్షాశాల 1813లో ఏర్పడ్డాయి. కోడిగుడ్డు ఆకారపు గీతలో ఇ.ఎల్.జి. అక్షరాలుంటే లియేజ్ సరుకు. దానిపై కిరీటం ఉంటే 1893కు పూర్వపుది కాదు.

ఇనుము, ఉక్కు కడ్డీలను మెలితిప్పి, చుట్టి అతికిన డమాస్కస్ గొట్టాల మీద పాము చర్మం వంటి చారలుంటాయి. చూడ ముచ్చటే గాని ప్రమాదమూ అక్కడే ఉంది. వాటిలో చాలావరకు పొగ వచ్చే పాతకాలపు మందు కోసం చేసినవి. నేటి పొగలేని మందు తూటా వేస్తే గొట్టం పగిలి చెయ్యి పోవచ్చు. ఇంగ్లీషు తుపాకిపై ‘నైట్రో ప్రూఫ్’, బెల్జియం తుపాకిపై సింహం బొమ్మ కింద పి.వి. అక్షరాలు ఉంటేనే కొత్త మందుకు పరీక్షించినట్టు లెక్క. ఆ ముద్ర ఉన్నా, తర్వాత గొట్టం అరిగి ఉండవచ్చు. తూటా పొడవూ ముఖ్యమే. 65 మిల్లీమీటర్ల గదిలో 70 మిల్లీమీటర్ల తూటా దూరుతుంది గాని, పేలినప్పుడు ఒత్తిడి పెరుగుతుంది.

కుండ కొట్టి చూసినట్టు

గొట్టాలను విడదీసి వేలాడదీసి వేలి కణుపుతో తడితే గంటలా మోగాలి. బొంగురు శబ్దం వస్తే అతుకు వదిలిందని అనుమానించాలి. లోపల తుప్పు గుంటలు, పైన సొట్టలు ఉండరాదు. మూతి దగ్గర రెండు గొట్టాల మధ్య సందు కనిపిస్తే ఎవరో కోసి పొట్టి చేశారన్నమాట. అలాంటిదానికి ధర పడిపోతుంది. ఆకురాయి, ఇసుక కాగితం పెట్టి మెరుగు దిద్దినా విలువ పోయినట్టే.

అన్నిటికీ మించి లైసెన్సు ముఖ్యం. తండ్రి తుపాకి కొడుక్కి దానంతటదే చెందదు. తన పేర లైసెన్సు పొందాలి. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం సాధారణంగా ఒకరివద్ద రెండు తుపాకులకు మించరాదు. లైసెన్సు లేని తుపాకిని పోలీసు స్టేషన్‌లోగాని, లైసెన్సుగల డీలరు వద్దగాని జమచేసి రసీదు తీసుకోవాలి. ధర సంగతి ఆ తర్వాతే.