ఊటీలో మా అంబాసిడర్‌కి ఊపిరాడలేదు!

విజయవాడ నుంచి మేట్టుపాళయం దాకా మా అంబాసిడర్ ఒక్కచోట కూడా మొరాయించలేదు. 1972 నాటి మార్క్ 2. నాన్నగారు కొన్న మొదటి కారూ, చివరి కారూ అదే. ‘ఓపిక ఉండగానే దీన్లో ఇంకోసారి ఊటీ చూడాలిరా’ అని ఆయన ఏడాదిగా అంటుంటే బయల్దేరాం.

కూనూరు దాటాక మొదలైంది గోల. సెకండ్ గేర్లో కూడా లాగదు. వెనక నల్లటి పొగ. కాస్త ఆపితే చాలు, ఇంజను దగ్గుతూ ఆగిపోతుంది. ‘కల్తీ పెట్రోలు’ అని నేను, ‘కాయిల్ పోయుంటుంది’ అని నాన్నగారు. చలికి కాబోలనుకుని చోక్ కూడా లాగాను. అంటే, అసలే పెట్రోలు ఎక్కువైన ఇంజనుకి ఇంకాస్త పోశానన్నమాట!

ఊటీలో ఓ షెడ్డులో పెద్దాయన ప్లగ్గు ఊడదీసి చూపించాడు. నిండా మసి. ‘బండికి రోగం లేదు సార్, గాలి చాలట్లేదు’ అన్నాడు తమిళం కలిసిన తెలుగులో.

పెట్రోలు ఒక వంతుకి తూకంలో సుమారు పదిహేను వంతుల గాలి కలిస్తేనే సరిగ్గా మండుతుంది. ఊటీ 2,240 మీటర్ల ఎత్తున ఉంది. సముద్రమట్టం దగ్గరి గాలి ఒత్తిడిలో నాలుగింట మూడు వంతులకు కాస్త ఎక్కువ ఉంటుందక్కడ, అంతే. కొత్త కార్లలో సెన్సర్లు ఆ లెక్క చూసుకుని పెట్రోలు తగ్గిస్తాయి. మా పాత ఎస్‌యు కార్బురేటర్‌కి ఆ తెలివి లేదు.

పెద్దాయన ముందు ఇంజను బాగా వేడెక్కనిచ్చాడు. చల్లటి ఇంజను మీద చేసే ట్యూనింగ్ దండగట. తర్వాత కార్బురేటర్ అడుగున ఉండే ఆరు పలకల నట్టుని ఒక్క పలక పైకి తిప్పాడు. పైకి తిప్పితే పెట్రోలు తగ్గుతుంది, కిందికైతే పెరుగుతుంది. లోపలి పిస్టన్‌ని మిల్లీమీటరు పాటి లేపి చెవి పెట్టాడు. వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఇంకా ఎక్కువున్నట్టు. ఇంజను ఆగిపోతే మరీ తగ్గినట్టు. కొద్దిగా పెరిగి మళ్లీ కుదురుకుంటే సరిపోయినట్టు. ఇంకో పలక తిప్పాక కుదురుకుంది. పొగ పోయింది. పోయిన బలమంతా మాత్రం రాలేదు, రాదు కూడా. గాలే తక్కువైనప్పుడు ఏ నట్టు తిప్పినా అంతేగా!

‘కిందికి దిగాక రెండు పలకలూ మళ్లీ వెనక్కి తిప్పండి సార్, మర్చిపోవద్దు’ అన్నాడు.

మర్చిపోయాను. మేట్టుపాళయంలో కాఫీ తాగి, హుషారుగా హైవే ఎక్కేశాను. కింద గాలి చిక్కన, పెట్రోలు మాత్రం ఊటీ లెక్కలోనే. అలా పలచబడ్డ మిశ్రమంతో నడిస్తే ఇంజను వేడెక్కిపోతుంది. నెల్లూరు దాటాక కార్బురేటర్లోంచి టప్ టప్‌మని శబ్దాలు వచ్చినా, ఇల్లు దగ్గరపడుతోంది కదా అని తోలుకుంటూ పోయాను. ఇంటికొచ్చాక హెడ్డు విప్పిస్తే, ఒక ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు కాలిపోయి ఉంది. నాన్నగారు నన్నేమీ అనలేదు. ఆ కాలిన వాల్వ్‌ని గుడ్డతో తుడిచి, తన బల్ల మీద పెట్టుకున్నారు. తిట్టినా బాగుండేది.

పోయిన డిసెంబర్లో మళ్లీ వెళ్లాం. దిగేటప్పుడు మేట్టుపాళయంలో కాఫీ ఆర్డరివ్వబోతుంటే, నాన్నగారు స్పానర్ తీసి నా చేతిలో పెట్టారు.