జింక చెవికి అంకె ఎందుకు?

2021 ఆగస్టు 31న ఇంగ్లండ్‌లోని గ్లోస్టర్‌షైర్ ప్రాంతంలో ఒక పొలానికి ప్రభుత్వ సిబ్బంది పోలీసులను వెంటబెట్టుకుని వచ్చారు. వాళ్లు వచ్చింది జెరోనిమో అనే ఒక్క అల్పాకా కోసం. 2017లో న్యూజిలాండ్ నుంచి తెచ్చిన ఆ జంతువుకు పశువుల క్షయ ఉన్నట్టు రక్తపరీక్షల్లో రెండుసార్లు తేలింది. పరీక్ష తప్పని నమ్మిన యజమానురాలు హైకోర్టు దాకా వెళ్లారు. దాన్ని బతకనివ్వమంటూ లక్షమందికి పైగా సంతకాలు చేశారు. అయినా ఆ రోజు దాన్ని తీసుకెళ్లి చంపేశారు. టీవీల్లో ఆ దృశ్యాలు చూసి బ్రిటన్‌లో చాలామంది కన్నీళ్లు పెట్టుకున్నారు.

పొలాల్లో పెంచే జింకలు, అల్పాకాలు, లామాల విషయంలో ప్రభుత్వాలు ఇంత పట్టుదలగా ఎందుకుంటాయన్న ప్రశ్న అప్పుడు ఎన్నో ఇళ్లలోకి వచ్చింది. ఆవులకు, గొర్రెలకు చెవిపోగులు వేయడం అందరూ ఎరిగినదే. జింకకు కూడా ఎందుకు? ఉన్ని కోసం ముద్దుగా పెంచుకునే అల్పాకాకు చిప్ ఎందుకు? ఈ ప్రశ్నలకు ప్రచారంలో ఉన్న జవాబుల్లో చాలావాటికి ఆధారం లేదు.

"చెవిపోగు యజమాని గుర్తు కోసమే"

అన్నిటికన్నా బలంగా పాతుకుపోయిన అపోహ ఇది. మంద కలిసిపోతే ఎవరి జంతువు ఎవరిదో తెలియడానికి వేసే గుర్తు అనుకుంటారు. ఆ ఉపయోగమూ ఉంది గానీ, చట్టాలు పుట్టింది అందుకు కాదు.

నిజానికి నమోదు జంతువుతో మొదలవదు, నేలతో మొదలవుతుంది. బ్రిటన్‌లో పొలంలో జింకలు పెంచాలంటే ముందు ఆ భూమికి తొమ్మిది అంకెల నంబరు తీసుకోవాలి. అందులో మొదటి రెండు అంకెలు కౌంటీని, తర్వాతి మూడు పారిష్‌ను, చివరి నాలుగు ఆ పొలాన్ని చెబుతాయి. అమెరికాలోనూ, న్యూజిలాండ్‌లోనూ స్థలానికి విడిగా ఒక సంఖ్య ఉంటుంది. ఆ తర్వాతే జంతువుకు అంకె. మూడోది, అందరూ మరిచిపోయేది, ప్రయాణం: ఏ తేదీన ఏ పొలం నుంచి ఏ పొలానికి వెళ్లిందన్న లెక్క. స్థలం, జంతువు, ప్రయాణం ఈ మూడూ కలిస్తేనే రోగం నడిచిన దారి కనబడుతుంది. మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా మిగతా రెండూ ఉండి లాభం లేదు.

ఈ పాఠాన్ని బ్రిటన్ చాలా కష్టంగా నేర్చుకుంది. 2001 ఫిబ్రవరిలో ఎసెక్స్‌లోని ఒక కబేళాలో పందులకు గాలికుంటు వ్యాధి బయటపడింది. జంతువుల రవాణాను ప్రభుత్వం ఆపేసరికే వ్యాధి సోకిన గొర్రెలు హెక్సమ్, లాంగ్‌టౌన్ సంతల మీదుగా దేశం నలుమూలలకూ చేరిపోయాయి. అప్పట్లో గొర్రెలకు విడివిడిగా గుర్తింపు సంఖ్యలు లేవు. ఏ గొర్రె ఎక్కడ ఎవరి చేతికి మారిందో తేల్చడం అధికారులకు తలకు మించిన పనయింది. ఆ ఏడాది 60 లక్షలకు పైగా పశువులను చంపాల్సి వచ్చింది. గాలికుంటు గిట్టలు చీలిన జంతువులకు సోకే వ్యాధి, జింకలూ ఆ కోవలోవే.

జింకకు చెవి గుర్తు విషయంలో ఇంగ్లండ్‌లో ఇంకో చట్టపరమైన అవసరం కూడా ఉంది. 1991 నాటి జింకల చట్టం వేట నిషిద్ధ కాలంలో జింకను చంపడాన్ని నేరంగా చూస్తుంది. మాంసం కోసం పెంచేవారికి అందులో మినహాయింపు ఇచ్చింది గానీ షరతులు పెట్టింది. జింకలు దాటలేని కంచె ఉండాలి. ఆ జంతువులు ఫలానావారు పెంచేవేనని తెలిసేలా వాటిమీద స్పష్టమైన గుర్తు ఉండాలి. కంచెకు అటూ ఇటూ ఉండేది ఒకే జాతి జింక అయినప్పుడు, అడవి జింకకూ పొలం జింకకూ చట్టం దృష్టిలో తేడా చూపించేది ఆ గుర్తే.

"చిప్ ఉంటే జంతువు ఎక్కడుందో ఫోనులో కనిపిస్తుంది"

కనిపించదు. చెవి ట్యాగులోనో చర్మం కిందో ఉండే చిప్‌కు బ్యాటరీ ఉండదు, ఉపగ్రహంతో సంబంధమూ ఉండదు. రీడరును దగ్గరగా పెట్టినప్పుడు, ఆ రీడరు పంపే శక్తితోనే చిప్ మేల్కొని తన అంకెను చెప్పి ఊరుకుంటుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఆ అంకెలో 15 స్థానాలు ఉంటాయి. దేశం కోడ్‌తో మొదలయ్యే సంఖ్యల్లో అమెరికాది 840, న్యూజిలాండ్‌ది 554, భారతదేశానిది 356.

అంకెకు అర్థం చెప్పేది రిజిస్టరు. అమ్మినవారు రాయకపోయినా, కొన్నవారు రాయకపోయినా చిప్ చెవిలో ఉండి కూడా జంతువు తప్పిపోయినట్టే లెక్క. న్యూజిలాండ్ అనుభవం దీనికి సాక్ష్యం. అక్కడ పశువులకు 2012 జులై 1 నుంచి, జింకలకు 2013 మార్చి 1 నుంచి జాతీయ గుర్తింపు పథకం తప్పనిసరి అయింది. పుట్టిన 180 రోజుల్లోగా, అంతకుముందే పొలం దాటితే దాటేలోగా ట్యాగు వేయాలి. ఏడు రోజుల్లో నమోదు చేయాలి. చేతులు మారితే 48 గంటల్లో పంపినవారూ, తీసుకున్నవారూ ఇద్దరూ ఆ సంగతి రాయాలి. ఏ లోటూ లేని పద్ధతి అనిపిస్తుంది. కానీ 2017 జులైలో సౌత్ కాంటర్‌బరీలో మైకోప్లాస్మా బోవిస్ అనే పశువ్యాధి బయటపడి, దాని మూలాలు వెతకబోతే ఎన్నో ప్రయాణాలు అసలు రాయనేలేదని తేలింది. వ్యాధిని పూర్తిగా తుడిచిపెట్టే ప్రయత్నంలో లక్షకు పైగా పశువులను చంపారు. ఆ తర్వాతే ప్రభుత్వం నిఘాను, జరిమానాలను కఠినం చేసింది.

"ఇదంతా ఈ కాలపు గుమస్తాల తంతు"

పశుపాలకులు ఈ మాట వింటే ఒప్పుకోరు. ఆండీస్ పర్వతాల్లో లామాలు, అల్పాకాల చెవులకు రంగురంగుల ఉన్ని కుచ్చులు కట్టే ఆచారం ఎప్పటిదో. అర్జెంటీనాలోని హుహుయ్ వంటి చోట్ల చెవులకు గుర్తులు వేసే రోజును కుటుంబమంతా కలిసి, భూమాతకు నైవేద్యాలు పెట్టి పండుగలా జరుపుకుంటారు. ఉత్తర ఐరోపాలో సామీ ప్రజలు ధ్రువపు జింకల చెవులకు కత్తితో గాట్లు పెడతారు. ఏ చెవికి ఎక్కడ ఎన్ని గాట్లన్న దాన్నిబట్టి దూరం నుంచే ఆ దూడ ఎవరిదో చెబుతారు. ఈ గుర్తులు నార్వే, స్వీడన్‌లలో అధికారికంగా నమోదై ఉంటాయి. ఐరోపా సమాఖ్య నిబంధనలు కూడా ధ్రువపు జింకలకు ప్రత్యేక పద్ధతులు వాడుకునే వీలు ఇచ్చాయి. సంప్రదాయాన్ని తోసిపుచ్చకుండా చట్టంలో చోటిచ్చిన ఈ పద్ధతి మిగతా దేశాలూ గమనించదగ్గది.

"అల్పాకాను ఎవరూ తినరు కదా, మరి భయమేమిటి?"

పెరూలో, బొలీవియాలో తింటారు. అది పక్కన పెట్టినా, రోగానికి పళ్లెంతో పనిలేదు. పశువుల క్షయను కలిగించే బాక్టీరియా ఆవులకు, జింకలకు, అల్పాకాలకు, లామాలకు సోకుతుంది. మనుషులకూ సోకగలదు. బ్రిటన్‌లో జింకల్లో క్షయ అనుమానం వస్తే అధికారులకు తెలియజేయడం 1989 నుంచి తప్పనిసరి.

అల్పాకాల్లో చిక్కేమిటంటే, ఆవులకు చేసే చర్మ పరీక్ష వాటిలో రోగాన్ని సరిగా పట్టుకోలేదు. రోగం లోపల ముదురుతున్నా జంతువు పైకి బాగానే కనబడవచ్చు. అందుకే రక్తపరీక్షల మీద ఆధారపడాలి. జెరోనిమో వివాదమంతా ఆ రక్తపరీక్ష చుట్టూనే తిరిగింది. పరీక్షకు ముందు, చర్మ పరీక్షలో వాడే ట్యూబర్‌క్యులిన్ ఎక్కించడం వల్లే తప్పుడు ఫలితం వచ్చిందని యజమానురాలి వాదన. మరణానంతరం క్షయలాంటి పుండ్లు కనిపించాయని ప్రభుత్వం చెప్పింది. ప్రయోగశాలలో మాత్రం బాక్టీరియాను పెంచి చూపలేకపోయారు. ఆ వాదన ఎటు తేలినా ఒక్క సంగతి మిగులుతుంది. పరీక్ష ఫలితం ఏ జంతువుదో నిస్సందేహంగా తెలియకపోతే ఆ ఫలితానికి విలువే లేదు. రోగమున్న జంతువును పట్టుకోవాలన్నా, లేనిదాన్ని కాపాడుకోవాలన్నా ముందు దానికి గుర్తింపు కావాలి. దట్టమైన ఉన్నితో, ఒకేలాంటి రంగులతో ఉండే ఇరవై అల్పాకాల మందలో పేరు పెట్టి పిలవడం యజమానికి చాలు, పశువైద్యుడికి చాలదు.

"జాతి సంఘంలో నమోదైంది కదా, ఇంకేం కావాలి?"

ఇవి రెండు వేర్వేరు నమోదులు. అమెరికా, బ్రిటన్‌లలో అల్పాకా పెంపకందార్ల సంఘాలు వంశవృక్షాన్ని రాస్తాయి. అమెరికా రిజిస్ట్రీ తల్లిదండ్రులను డీఎన్ఏ ద్వారా నిర్ధారిస్తుంది. 1998లో దిగుమతి అల్పాకాలకు తలుపులు మూసేసింది కూడా. ఆ ధ్రువపత్రం జంతువు ధరను నిలబెడుతుంది. కానీ అది పుట్టుక గురించి చెబుతుందే తప్ప, పోయిన నెల ఆ జంతువు ఏ ప్రదర్శనలో ఏ మందల పక్కన నిలబడిందో చెప్పదు. రోగాన్ని వెతికే అధికారికి కావలసింది రెండోదే.

"ఎక్కడైనా నియమం ఒకటే"

కానే కాదు. పొరపాట్లకు ఎక్కువ తావున్నది ఇక్కడే.

ఐరోపా సమాఖ్యలో 2021 ఏప్రిల్ 21 నుంచి అమలైన జంతు ఆరోగ్య చట్టం జింకలకూ, అల్పాకా, లామాలకూ విడివిడిగా గుర్తింపు ఉండాలంటుంది. రెండు చెవులకు ట్యాగులు గానీ, చర్మం కింద చిప్ గానీ వేయాలి. జింకలకైతే పచ్చబొట్టూ చెల్లుతుంది. న్యూజిలాండ్ జాతీయ పథకంలో ఆవులు, జింకలు ఉన్నాయి, అల్పాకాలు లేవు. అమెరికాలో 2013 నాటి ఫెడరల్ గుర్తింపు నియమంలో పెంపకపు జింకలు ఉన్నాయి, లామాలు, అల్పాకాలు లేవు. వాటి విషయంలో ఏ రాష్ట్రం నియమాలు ఆ రాష్ట్రానివే.

ఈ తేడాలు ఇష్టానుసారం పుట్టినవి కావు. ఏ దేశాన్ని ఏ రోగం భయపెట్టిందో దాన్నిబట్టి అక్కడి చట్టం తయారైంది. అమెరికాను భయపెట్టింది జింకల్ని చిక్కి శల్యం చేసి చంపే వ్యాధి. దాన్ని 1967లో కొలరాడోలోని ఒక పరిశోధన కేంద్రంలో తొలిసారి గమనించారు. ప్రయాన్లు అనే వికృత ప్రొటీన్లు దానికి కారణం. మందు లేదు, టీకా లేదు. సోకాక ఏడాదీ రెండేళ్ల దాకా జింక మామూలుగానే తిరుగుతుంది. ఈలోగా అది నాలుగు పొలాలు మారినా మారవచ్చు. పైగా ఆ ప్రయాన్లు నేలలో ఏళ్ల తరబడి నిలిచి ఉంటాయి.

అందుకే 2012లో ఫెడరల్ ప్రభుత్వం మందలకు ధ్రువీకరణ పథకం తెచ్చింది. ఒక్కో జింకకు రెండు గుర్తింపులు ఉండాలి, వాటిలో ఒకటి దేశం మొత్తంలో మరో జంతువుకు లేని అధికారిక సంఖ్య. ఏడాది దాటిన జింక ఏ కారణంతో చనిపోయినా పరీక్షకు పంపాలి. అయిదేళ్లు రోగం కనబడకపోతేనే ధ్రువీకరణ వస్తుంది. పథకంలో చేరడం స్వచ్ఛందమే, కానీ ధ్రువీకరణ లేని మంద నుంచి జింకను వేరే రాష్ట్రానికి పంపడం సాధారణంగా కుదరదు. 2015లో టెక్సాస్‌లోని మెడీనా కౌంటీలో ఒక పెంపక కేంద్రంలో ఈ వ్యాధి బయటపడినప్పుడు, అక్కడి నుంచి జింకలు ఎక్కడెక్కడికి వెళ్లాయో వెతకడానికి రికార్డులే దిక్కయ్యాయి.

"ట్యాగు వేయించుకుంటే మన దగ్గరా జింకను పెంచుకోవచ్చు"

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఫామ్‌హౌస్ సంస్కృతి పెరిగాక ఈ ఆలోచనా పుట్టింది. ఇది ప్రమాదకరమైన అపోహ. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన చుక్కల జింక, సాంబరు, కృష్ణజింక రక్షిత జాతులు. వాటిని పట్టుకోవడమూ వేట కిందికే వస్తుంది. అవి ప్రభుత్వ ఆస్తి. న్యూజిలాండ్ రైతుకు ఉన్న వెసులుబాటు ఇక్కడి రైతుకు లేదు, ఏ ట్యాగూ దాన్ని తెచ్చిపెట్టదు. ఆవులకు, గేదెలకు వేసే 12 అంకెల పసుపు ట్యాగు, అదే జనం పశు ఆధార్ అంటున్నది, పాడి పశువుల ఆరోగ్యం, టీకాల లెక్క కోసం వచ్చింది. అడవి జంతువుపై హక్కు కోసం కాదు.

విదేశాల్లో స్థిరపడి, ఊరి బయట కాస్త భూమి కొని, పిల్లల సరదా కోసం రెండు అల్పాకాలో లామాలో తెచ్చుకోవాలనుకునే తెలుగువారికి ఒక విన్నపం. జంతువును చూడబోయే ముందే స్థానిక పశుసంవర్ధక శాఖను, ఒక పశువైద్యుణ్ని సంప్రదించండి. మీ స్థలానికి నంబరు అవసరమా, ఏ గుర్తింపు చెల్లుతుంది, ఏ పరీక్షలు కావాలి అన్నవి రాతపూర్వకంగా తెలుసుకోండి. కొనే రోజున చిప్‌ను మీ కళ్లముందే రీడరుతో చదివించి, ఆ సంఖ్యా కాగితంలోని సంఖ్యా సరిపోయాకే డబ్బు చెల్లించండి.