మన తరఫున మర పాడే వేలంపాట

2011 ఏప్రిల్‌లో అమెజాన్‌లో ఒక పాత పుస్తకం ధర 2,36,98,655 డాలర్ల 93 సెంట్లకు ఎక్కి కూర్చుంది. పోస్టేజీ 3.99 డాలర్లు అదనం! పుస్తకం పేరు ‘ద మేకింగ్ ఆఫ్ ఎ ఫ్లై’. ఈగ పిండం ఎలా ఎదుగుతుందో చెప్పే శాస్త్ర గ్రంథం. ఆ ధరకు కొంటానన్నవాడు ఒక్కడూ లేడు. ఉన్నదల్లా ఇద్దరు అమ్మకందారులు, వాళ్ల తరఫున ధర దిద్దే లెక్కలు. ఒక దుకాణం లెక్క ఎదుటివాళ్ల ధరలో 0.9983 వంతు పెడుతోంది, అంటే రవ్వంత తక్కువ. రెండో దుకాణం లెక్క ఎదుటి ధరను 1.27 రెట్లు చేస్తోంది. ఒకదాన్ని చూసి ఒకటి రోజూ ధర మార్చుకుంటూ పోయాయి. బర్కిలీలో మైకేల్ ఐసెన్ అనే జీవశాస్త్రవేత్త ప్రయోగశాలకు ఆ పుస్తకం అవసరపడింది కాబట్టి సంగతి బయటపడింది. లేకుంటే ఆ ధర ఎక్కడ ఆగేదో!

అది వేలం కాదు, ధరల పట్టీ. అయినా ఆన్‌లైన్ వేలంలో ‘ఆటో బిడ్’ నొక్కేవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి అందులోనే ఉంది. మరకు ఎదుటి అంకె కనిపిస్తుంది, వస్తువు కనిపించదు. దాని విలువ ఎంతో తేల్చాల్సిన పని మనకే మిగిలి ఉంటుంది.

ఈ ఆటో బిడ్ పద్ధతిని ఇంటింటికీ తెచ్చింది ఈబే. 1995లో పియరీ ఒమిడ్యార్ పెట్టిన ఆ సైటులో మొదట అమ్ముడుపోయింది పాడైపోయిన లేజర్ పాయింటర్, 14 డాలర్ల 83 సెంట్లకు. అక్కడ పాటదారు తెల్లవార్లూ కంప్యూటర్ ముందు కూర్చోనక్కర్లేదు. తన గరిష్ఠ ధర ఒక్కసారి చెప్పి పడుకోవచ్చు. పాత కెమెరా పాట 50 డాలర్ల దగ్గర మొదలైందనుకోండి. మీరు 120 దాకా వెళ్తామని రహస్యంగా రాసి పెట్టారు. ఇంకొకరి హద్దు 90. సైటు మీ తరఫున 91కి పాడి ఆగిపోతుంది. మిగతా 29 డాలర్ల సంగతి ఎవరికీ చెప్పదు. గెలిస్తే కట్టాల్సింది మీ హద్దు కాదు, రెండోవాడి హద్దు మీద ఒక మెట్టు. ఈ తర్కాన్ని విలియం విక్రీ అనే ఆర్థికవేత్త 1961లోనే కాగితం మీద తేల్చాడు. రెండో హెచ్చుపాట ధరకే వస్తువు దక్కేటట్టయితే ఎవరైనా తమ మనసులో ఉన్న అసలు ధరే చెబుతారు, తగ్గించి చెప్పినందువల్ల లాభం లేదు కాబట్టి. 1996 అక్టోబరులో ఆయనకు నోబెల్ ప్రకటించారు. మూడు రోజులకే ఆయన కన్నుమూశాడు.

ఆఖరి మూడు సెకన్లు

కాగితం మీది తర్కం గడియారం దగ్గర తడబడింది. ఈబే పాట నిర్ణీత సమయానికి ఠక్కున ముగుస్తుంది. అందుకే ఆఖరి రెండు మూడు సెకన్లలో దూరి పాడే ‘స్నైపింగ్’ పుట్టింది, ఆ పని చేసిపెట్టే సాఫ్ట్‌వేర్లూ వచ్చాయి. పైన చెప్పిన కెమెరాకే చివరి క్షణంలో ఒకరు 120 డాలర్ల 37 సెంట్లు కొడితే అది వాళ్లదే. 37 సెంట్లతో మీ చేతిలోంచి జారిపోతుంది. అనుభవజ్ఞులు గుండు అంకెలు పాడకుండా చివర చిల్లర తగిలించేది ఇందుకే.

ఆల్విన్ రోత్, అక్సెల్ ఓకెన్‌ఫెల్స్ 2002లో ఈ అలవాటు మీద ఒక పరిశోధన ప్రచురించారు. అప్పట్లో అమెజాన్‌కూ వేలం సైటు ఉండేది. అక్కడ ఆఖరి పది నిమిషాల్లో ఎవరు పాడినా గడువు మరింత పెరిగేది. ఈబేలో అనుభవం ఎక్కువైన కొద్దీ జనం ఆలస్యంగా పాడుతున్నారు, అమెజాన్‌లో అనుభవం ఎక్కువైన కొద్దీ ముందే పాడుతున్నారు. ఈబేలో కంప్యూటర్ల కంటే పురాతన వస్తువుల పాటలోనే ఈ ఆలస్యం ఎక్కువ. పాత వస్తువు గుణం ఎరిగినవాడు ముందే నోరు తెరిస్తే, ‘ఆయనే పాడుతున్నాడంటే ఇందులో సరుకుంది’ అని పదిమంది వెంటపడతారు. తెలిసినవాడికి మౌనమే పెట్టుబడి.

ఇక హద్దు రహస్యం. 1797లో జర్మన్ కవి గోథే తన కొత్త కావ్యానికి తాను కోరే ధరను ఒక చీటీలో రాసి, సీలు వేసి, మధ్యవర్తి బొటిగర్ చేతిలో పెట్టాడు. ప్రచురణకర్త ఫీవెగ్ చెప్పే ధర చీటీలోని అంకె కంటే తక్కువైతే బేరం లేదు, ఎక్కువైతే చీటీలోని అంకె చాలు. తన రాతకు ప్రచురణకర్త లెక్కలో నిజంగా ఎంత విలువో తెలుసుకోవాలన్నది కవిగారి ఎత్తు. మధ్యవర్తి గుట్టు విప్పేశాడు. ఫీవెగ్ సరిగ్గా చీటీలో ఉన్న 1000 థేలర్లే చెప్పాడు. అంత తెలివైన ఏర్పాటు ఒక్క ఉత్తరంతో పోయింది. నేడు ఆ చీటీ సర్వర్‌లో ఉంటుంది. సర్వర్ గుట్టు విప్పకపోయినా, అమ్మేవాడి మనిషి దొంగపాట పాడుతూ మెట్టు మెట్టుగా మీ హద్దును తడుముకుంటూ రావచ్చు. ఈబే దీన్ని నిషేధించింది. కానీ పట్టుకోవడం అంత తేలిక కాదు. మీ తరఫున పాడే మర మాత్రం ప్రతి దొంగపాటకూ అమాయకంగా జవాబిస్తూ పోతుంది.

ఆటో బిడ్ ఆవేశానికి విరుగుడు అంటారు. నిజమే. హైదరాబాద్ బాలాపూర్‌లో వినాయకుడి లడ్డూ పాట 1994లో 450 రూపాయలు, 2024లో 30 లక్షల వెయ్యి. అక్కడ భక్తితో పాటు నలుగురిలో పరువూ పాడుతుంది. ఫోన్‌లో నలుగురూ ఉండరు. కానీ ‘మీ పాటను దాటేశారు’ అని ఒక సందేశం వస్తుంది. ఆ క్షణంలో హద్దు పెంచేసేవాళ్లు ఉంటారు. పెంచితే ఆ విరుగుడు పనిచేయనట్టే.

బ్యాంకు వేలంలో

కెమెరా పోతే పోయింది. హైదరాబాద్ శివార్లలో జప్తు చేసిన ఫ్లాటుకో, విజయవాడలో గోదాముకో బ్యాంకు ఈ-వేలం పెట్టినప్పుడు లెక్క వేరు. కొన్ని పోర్టళ్లలో ఆటో బిడ్ సదుపాయం ఉంది. ఇక్కడ ఉదయం పదకొండున్నర అంటే న్యూజెర్సీలో అర్ధరాత్రి దాటిన వేళ కాబట్టి అక్కడి మనవాళ్లకు అది వరమే. అయితే సాధారణంగా బ్యాంకు పాటలో ఆఖరి నిమిషాల్లో ఎవరైనా పాడితే గడువు అయిదో పదో నిమిషాలు పెరుగుతుంది, అలా ఎన్నిసార్లయినా. స్నైపింగ్ ఇక్కడ చెల్లదు. రెండు మరలు ఎదురుపడితే ఏదో ఒక హద్దు చేరేదాకా పాట ఆగదు.

గెలిచాక తప్పుకోవడానికి దారి దాదాపు లేదు. 2002 నాటి సెక్యూరిటీ ఇంట్రెస్ట్ నిబంధనల ప్రకారం ఈఎండీతో (పాటకు ముందే కట్టే ధరావతుతో) కలిపి 25 శాతం అదేరోజు, లేదంటే మర్నాటి పనిదినానికి కట్టాలి. మిగతాది సాధారణంగా 15 రోజుల్లో. కట్టలేకపోతే కట్టింది పోతుంది. 2024 ఫిబ్రవరిలో ఒక కేసులో సుప్రీంకోర్టు, కొనుగోలుదారు కట్టిన 3 కోట్ల రూపాయలకు పైగా సొమ్మును బ్యాంకు జప్తు చేయడం సబబేనని తేల్చింది. ఆ కేసులో ఆటో బిడ్ ప్రసక్తి లేదు. కానీ మర పాడిన పాటైనా మీ పేరు మీదే ఉంటుంది.

నా మట్టుకు తీర్పు ఇదీ: పాత నాణేలకు, పుస్తకాలకు మరను వాడుకోండి. ఇంటికి, స్థలానికి మాత్రం స్వయంగా కూర్చుని పాడండి. కుదరకపోతే చోటు చూసి, కాగితాలు లాయరుకు చూపించి, ఆస్తి విలువలోంచి బాకీ పన్నులూ సొసైటీ బకాయిలూ తీసేశాక మిగిలే అంకెనే హద్దుగా పెట్టండి. ఈ వారం ఏదైనా పాటకు ఈఎండీ కట్టి ఉంటే, వేలం ప్రకటనలో గడువు పొడిగింపు గురించీ బిడ్ పెంపు మొత్తం గురించీ ఉన్న పేరాలు ఇవాళే చదవండి.