పిండికి ఒక తోక, పాలకు ఇంకో తోక

స్వీడన్ ఇళ్లలో పోసుకునే పల్చటి అట్టు పేరు పన్‌కాకా. పన్న అంటే పెనం, కాకా అంటే కేకు. రెండూ కలిసి ఒకే మాట. తయారీకి 3 గుడ్లు, 6 డెసిలీటర్ల పాలు, రెండున్నర డెసిలీటర్ల మైదా, అర టీస్పూను ఉప్పు, కాల్చడానికి వెన్న చాలు. ఈ ఒక్క వంటకాగితంలో ఉన్నంత వ్యాకరణం చాలా పాఠ్యపుస్తకాల తొలి అధ్యాయంలో ఉండదు.

పదార్థాల పట్టికలో పిండి ‘మ్యోల్’, పాలు ‘మ్యొల్క్’, గుడ్డు ‘ఎగ్’. తయారీ విధానంలోకి దిగేసరికి అవే మ్యోలెట్, మ్యొల్కెన్, ఎగ్గెన్ అవుతాయి. పైన చెప్పిన ఆ పిండి, ఆ పాలు, ఆ గుడ్లు అని సూచించే తోకలివి. ఇంగ్లిష్ ముందు పెట్టే ‘ది’ని స్వీడిష్ చివర తగిలిస్తుంది. విభక్తులను మాట చివర అతికించే తెలుగువారికి ఇది వింతేమీ కాదు.

చిక్కల్లా ఏ తోక దేనికన్నదే. నామవాచకాలు ఎన్, ఎట్ అని రెండు జట్లు. నాలుగింట మూడొంతులు ఎన్ జట్టే. పాలు ఎన్, పిండి ఎట్. అర్థాన్ని బట్టి ఊహించే వీలు పెద్దగా లేదు, బట్టీ పట్టాల్సిందే. గుడ్డు మరీ టక్కరిది. అది ఎట్ జట్టు కాబట్టి ‘ఆ గుడ్డు’ ఎగ్గెట్. ఒకటైనా మూడైనా పట్టికలో ఎగ్ అనే ఉంటుంది. ‘ఆ గుడ్లు’ మాత్రం ఎగ్గెన్. పాల దగ్గర ఏకవచనమైన ‘ఎన్’ తోకే గుడ్ల దగ్గర బహువచనం!

క్రియలు ఇంత సతాయించవు. విస్పా (గిలకొట్టు), హక్కా (తరుగు) ఆజ్ఞలోనూ మారవు. స్టేకా (వేయించు), హెల్లా (పోయు) చివరి అచ్చు వదిలేసి స్టేక్, హెల్ అవుతాయి. ‘పోయి’, ‘పోయండి’ అన్న తేడా లేదు. మరగడం, మరిగించడం రెండింటికీ కూకా ఒక్కటే. వండటానికి వాడే ‘లాగా’యే పాడైన సైకిలు బాగుచేయడానికీ పనికొస్తుంది.

అయితే వంటకాగితానికి ఆజ్ఞాపించడమే తెలుసు. ‘గుడ్లు గిలకొడతారు’ అనాలంటే మన్ విస్పర్ ఎగ్గెన్. ముందు ‘ను’ (ఇప్పుడు) చేర్చగానే ను విస్పర్ మన్ ఎగ్గెన్ అవుతుంది. మామూలు వాక్యంలో క్రియ రెండో స్థానం వదలదు. తెలుగు నాలుకకు అసలు కసరత్తు ఇక్కడే.

చరిత్ర క్లుప్తంగా: స్వీడిష్ రచయిత్రి కైసా వార్గ్ వంటల పుస్తకం 1755లో వచ్చింది. ఉన్నదానితోనే వండుకోవాలన్న ప్రసిద్ధ నానుడిని ఆమెకు అంటగడతారు గానీ, అది ఆ పుస్తకంలో లేదు.

గరిటె కొలతలు

డెసిలీటరు 100 మిల్లీలీటర్లు. ‘ఎంఎస్‌కే’ (టేబుల్‌స్పూను) 15, ‘టీఎస్‌కే’ (టీస్పూను) 5, మసాలాలకు వాడే ‘కేఆర్‌ఎం’ 1 మిల్లీలీటరు.

‘క’ ఎప్పుడు ‘శ’?

వంటవాడు కొక్. వంటగదికీ రాతలో మొదటి అక్షరం అదే, పలికేది మాత్రం శోక్. మాంసం శొట్. వెనక వచ్చే అచ్చును బట్టి ఈ మార్పు; తెలుగు రాతలో ఆ అచ్చులు ఒకేలా కనిపించినా స్వీడిష్‌లో వేరు.