ప్రాంతీయ లీగులు – జర్మన్ ఫుట్‌బాల్ సోపానవ్యవస్థ: ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

అర్థపరిణామాన్ని వివరించేటప్పుడు భాషాశాస్త్రవేత్తలు ‘ఛాందసుడు’ అనే పదాన్ని ఉదాహరించడం పరిపాటి. వేదవేత్తను తెలిపిన ఆ పదం కాలక్రమంలో చాదస్తం గలవాడికి వాచకమైంది. జర్మన్ ఫుట్‌బాల్‌లో ‘ఓబర్‌లీగా’ అనే పేరుకు కూడా ఇటువంటి చరిత్రే ఉంది. ‘ఓబర్’ అంటే ‘పై’ అని అర్థం. ఒకప్పుడు దేశంలోని అత్యున్నత లీగులకు చెల్లిన ఈ పేరు నేడు అయిదవ అంచెకు చెల్లుతున్నది. ‘ప్రాంతీయ లీగు’ అని అర్థమిచ్చే ‘రెగియొనాల్‌లీగా’ రెండవ అంచె నుండి నాలుగవ అంచెకు దిగింది. ఈ పేర్లు ఎందుకు దిగివచ్చాయో, ఆ క్రమంలో ప్రాంతీయ లీగుల విజేతలకు ఎటువంటి చిక్కు ఏర్పడిందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. సోపానవ్యవస్థ స్వరూపం

జర్మన్ లీగు వ్యవస్థకు ఆరోహణ, అవరోహణలు ప్రాణం. ప్రతి సీజన్ ముగిశాక కింది లీగులో అగ్రస్థానం పొందిన జట్లు పై లీగుకు ఎక్కుతాయి, పై లీగులో అడుగున నిలిచినవి కిందికి దిగుతాయి. భారతదేశంలోని ఐపీఎల్‌లో ఈ నియమం లేదు. 2023లో పది జట్లలో చివరిస్థానం పొందిన సన్‌రైజర్స్ హైదరాబాద్ 2024లో అదే లీగులో ఆడి ఫైనల్‌కు చేరింది. జర్మనీలో అట్టడుగున నిలిచిన జట్టుకు అటువంటి అవకాశం ఉండదు. ముందు కింది లీగులో గెలిచి తిరిగి రావాలి.

పురుషుల ఫుట్‌బాల్‌లో మొదటి మూడు అంచెలు యావద్దేశానికీ ఒక్కొక్కటే. బుండెస్‌లీగాలో 18, రెండవ బుండెస్‌లీగాలో 18, మూడవ లీగులో 20 జట్లు ఉంటాయి. మొదటి రెండింటిని క్లబ్బుల ఉమ్మడి సంస్థ అయిన డి.ఎఫ్.ఎల్., మూడవదానిని జాతీయ ఫుట్‌బాల్ సంఘమైన డి.ఎఫ్.బి. నిర్వహిస్తాయి. నాలుగవ అంచె నుండి దేశం ప్రాంతాలుగా విడిపోతుంది. అక్కడ ఉత్తర, ఈశాన్య, పశ్చిమ, నైరుతి, బవేరియా అనే అయిదు రెగియొనాల్‌లీగాలు సమాంతరంగా నడుస్తాయి. వాటి కింద 14 ఓబర్‌లీగా స్థాయి లీగులు, ఆ కింద రాష్ట్ర, జిల్లా స్థాయి లీగులు ఉన్నాయి. ప్రాంతీయ సంఘాలూ రాష్ట్ర సంఘాలూ వీటిని నడుపుతాయి. కాబట్టి జాతీయ వ్యవస్థనూ ప్రాంతీయ వ్యవస్థనూ కలిపే కీలు నాలుగవ అంచెలోనే ఉంది.

3. పేర్ల అవరోహణ

రెండవ ప్రపంచయుద్ధం తరువాత పశ్చిమ జర్మనీలో ఏకైక జాతీయ లీగు లేదు. అయిదు ప్రాంతాల ఓబర్‌లీగాలే అత్యున్నత స్థాయి. వాటిలో మేటి జట్లు చివరి దశలో పోటీపడగా జాతీయ విజేత తేలేది. 1963లో 16 జట్లతో బుండెస్‌లీగా ప్రారంభమైంది. దాని కింద రెండవ అంచెగా అయిదు రెగియొనాల్‌లీగాలు ఏర్పడ్డాయి. వాటికీ బుండెస్‌లీగాకూ మధ్య అంతరాన్ని తగ్గించడానికి 1974లో ఉత్తర, దక్షిణ విభాగాలతో రెండవ బుండెస్‌లీగాను నెలకొల్పారు. దానితో రెగియొనాల్‌లీగా పేరు మరుగునపడి, ఓబర్‌లీగా పేరు మూడవ అంచెకు తిరిగివచ్చింది. 1981లో రెండవ బుండెస్‌లీగా ఒకే విభాగంగా మారింది. 1994లో రెగియొనాల్‌లీగా మూడవ అంచెగా పునరుద్ధరింపబడగా ఓబర్‌లీగా నాలుగవ అంచెకు జరిగింది. 2008లో జాతీయస్థాయి మూడవ లీగు రావడంతో ఈ రెండూ మరొక్క మెట్టు దిగాయి.

ప్రాంతీయ లీగులు తమ ఆటతీరు వల్ల దిగజారలేదు. జాతీయస్థాయిలో కొత్త అంచె చేరినప్పుడల్లా అవి ఒక మెట్టు కిందికి జరిగాయి.

తూర్పు జర్మనీలో ఈ పేరు చరిత్ర వేరు. అక్కడ 1991 వరకు ఓబర్‌లీగా ఏకైక అత్యున్నత జాతీయ లీగు. జర్మనీ ఏకీకరణ తరువాత అక్కడి రెండు క్లబ్బులకు మాత్రమే బుండెస్‌లీగాలో, మరి ఆరింటికి రెండవ బుండెస్‌లీగాలో చోటు దక్కింది. మిగిలినవి ఒక్కసారిగా మూడవ అంచెకు, అంతకంటె కిందికి చేరాయి. ఈశాన్య క్లబ్బుల నేటి ఆవేదనకు ఈ నేపథ్యం ఉంది.

4. విజేతలు అయిదుగురు, స్థానాలు నాలుగు

1994 తరువాత రెగియొనాల్‌లీగాల సంఖ్య నిలకడగా లేదు. మొదట నాలుగు, 2000లో రెండు, 2008లో మూడు, 2012లో అయిదు అయ్యాయి. ఈ ఊగిసలాటకు కారణం సులభంగానే గ్రహించవచ్చు. లీగులు తగ్గితే ప్రయాణ దూరం, ఖర్చు పెరిగి చిన్న క్లబ్బులు నలిగిపోతాయి, పొరుగూరి జట్లతో తలపడే ఆకర్షణ తగ్గుతుంది. లీగులు పెరిగితే విజేతలు ఎక్కువై, పై లీగులో చోటు చాలదు.

2012 నుండి 2018 వరకు మూడు స్థానాల కోసం అయిదుగురు విజేతలు, నైరుతి లీగులో రెండవస్థానం పొందిన జట్టు జంటలుగా పోటీపడ్డాయి. తరువాత స్థానాలు నాలుగు అయ్యాయి. 2024-25 సీజన్ నాటి నియమం ప్రకారం పశ్చిమ, నైరుతి విజేతలకు నేరుగా ఆరోహణ ఉంటుంది. మూడవ ప్రత్యక్షస్థానం ఉత్తర, ఈశాన్య, బవేరియా లీగుల మధ్య ఏటా వంతులవారీగా మారుతుంది. ఆ ఏడు వంతు రాని ఇద్దరు విజేతలు చివరి స్థానం కోసం రెండు మ్యాచ్‌లు ఆడాలి. ఓడినవారు లీగు విజేతలై ఉండి కూడా ఉన్నచోటనే ఉండిపోతారు.

తూర్పు జర్మనీలో 1979 నుండి 1988 వరకు వరుసగా పదిసార్లు జాతీయ విజేతగా నిలిచిన బి.ఎఫ్.సి. డైనమో 2022లో ఈశాన్య లీగు గెలిచి, ఓల్డెన్‌బుర్గ్ చేతిలో ఓడి ఆగిపోయింది. 2023లో ఎనర్గీ కాట్‌బస్, 2025లో లోకోమోటివ్ లైప్‌జిగ్ కూడా ఇలాగే ఈశాన్య విజేతలై ఆరోహణను కోల్పోయాయి. ఏడాది పొడవునా సాగిన శ్రమ విలువను రెండు మ్యాచ్‌లు తేల్చడం న్యాయమా అన్నది ఈ క్లబ్బుల ప్రశ్న.

పరిష్కారం తేలిక కాదు. నాలుగు లీగులే ఉండాలంటే ఏదో ఒక ప్రాంతం విడిపోవాలి, లేదా మరొకదానితో కలవాలి. ఈశాన్యం తన లీగు ముక్కలు కావడాన్ని, బవేరియా తన ప్రత్యేక లీగును వదులుకోవడాన్ని సులభంగా అంగీకరించవు. అయిదుగురికీ చోటు ఇవ్వాలంటే మూడవ లీగు నుండి ఏటా అయిదు జట్లు దిగాలి. అప్పుడు నష్టభయం ఆ లీగులోని క్లబ్బులకు సంక్రమిస్తుంది.

5. ప్రాంతీయ లీగులకు గల ఇతర స్థానం

బుండెస్‌లీగా క్లబ్బుల యువ క్రీడాకారులతో కూడిన ద్వితీయ జట్లు కూడా రెగియొనాల్‌లీగాలో ఆడతాయి. అవి మూడవ లీగు వరకే ఎక్కగలవు. 2025లో హోఫెన్‌హైమ్ ద్వితీయ జట్టు నైరుతి విజేతగా మూడవ లీగుకు చేరింది. పట్టణ క్లబ్బుల అభిమానులకు ఇది మరొక అసంతృప్తి. మరోవైపు 21 రాష్ట్రస్థాయి సంఘాల కప్పు విజేతలకు జాతీయ కప్పు పోటీలో ప్రవేశం ఉంది. లీగు మార్గంలో ఏళ్లు పట్టే దూరాన్ని ఒక చిన్న క్లబ్బు ఆ మార్గంలో ఒక్క రోజుకైనా దాటి, బుండెస్‌లీగా జట్టుకు ఆతిథ్యమివ్వగలుగుతుంది.

6. ముగింపు

జర్మన్ ఫుట్‌బాల్‌లో ప్రాంతీయ లీగులు కింది అంచెల విశాలతనూ పై అంచెల ఇరుకునూ కలిపే చోట ఉన్నాయి. ప్రాంతీయ అస్తిత్వం అయిదు లీగులను కోరుతున్నది, జాతీయ లీగు నాలుగు స్థానాలనే ఇస్తున్నది. ఆ ఒక్క స్థానం లోటును ప్రతి ఏటా ఏదో ఒక విజేత భరిస్తున్నాడు. అత్యున్నతమనే అర్థాన్ని మోసిన పేరు అయిదవ మెట్టుకు చేరిన వ్యవస్థలో, గెలిచినవాడు పైకి వెళతాడన్న కనీస హామీ కూడా సంపూర్ణంగా నిలవలేదు. ఆరోహణ నియమంపై సాగుతున్న చర్చకు మూలం ఇదే.