సెల్‌ఫోను తెర మీది నుంచి గోడ మీదికి



మొన్న బళ్లారిలో ఒక పెళ్లికి వెళ్లాను. భోజనాల దగ్గర, బంతిలో నా పక్కన కూర్చున్న కుర్రవాడు సెల్‌ఫోను తీసి ఒక ఫోటో చూపించాడు. సిరుగుప్ప వైపు ఒక క్యాంపులో మిరప కల్లం. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ఎర్రగా పరుచుకున్న కాయల మధ్య ఒక ముసలమ్మ నడుము వంచి తాలుకాయలు ఏరుతోంది. నేను తినడం ఆపి చూశాను.

“ఎవరు తీశారు బాబూ?” అన్నాను.

“నేనేనండీ. వెయ్యి లైకులు వచ్చాయండీ.”

“మరి ఆవిడ చూసిందా?”

“మా నాయనమ్మేనండీ. కళ్లు సరిగా ఆనవు. ఇంత చిన్న ఫోనులో నాకేం కనబడుతుందిరా అంటుంది.”

ఇంతలో పొరపాటున నా వేలు తగిలి ఆ బొమ్మ కాస్తా పోయి ఇంకెవరిదో బొమ్మ వచ్చింది. తన ఫోటోను మళ్లీ వెతికి పట్టుకోవడానికి అతనికే చాలాసేపు పట్టింది. పైగా అదే ఫోటో మీద ఎవరో ‘శుభోదయం’ అని రాసి, అతని పేరు తీసేసి, ఊరూరా పంపుతున్నారట.

ఇలాంటి కుర్రవాళ్లు మీ ఊళ్లోనూ ఉంటారు. బరంపురంలోనో, హోసూరులోనో, షోలాపూరులోనో, యానాంలోనో. పగలు స్టూడియోలోనో దుకాణంలోనో పని చేసుకుంటూ, ఖాళీ దొరికితే ఫోటోలు తీసి ఇంటర్నెట్‌లో పెడుతుంటారు. సరిహద్దు జిల్లాల్లో మన ఇళ్లు, కల్లాలు, జాతరలు, ముసలివాళ్ల ముఖాలు ఎక్కువగా నిలిచి ఉన్నది ఇవాళ వాళ్ల ఫోనుల్లోనే. ఫోను పోతే అవీ పోతాయి. వాళ్ల ఫోటోలకు గోడ మీద ఒక ప్రదర్శన పెట్టాలన్నది నా కోరిక. అది ఎలా సాధ్యమో కాసేపు ముచ్చటిస్తాను.

మొదటి చిక్కు ఎంపిక. వంద మంది ఫోటోలు పంపితే ఏవి పెట్టాలి, ఎవరు చెప్పాలి? న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్ మ్యూజియం వారు 2008లో దీనికొక ప్రయోగం చేశారు. దాని పేరు ‘క్లిక్’. మారుతున్న బ్రూక్లిన్ ముఖాలు అన్న అంశం ఇచ్చి, ఇంటర్నెట్ ద్వారా ఫోటోలు పంపమన్నారు. 389 ఫోటోలు వచ్చాయి. న్యాయనిర్ణేతలుగా పెద్దల సంఘాన్ని వెయ్యలేదు. ఇష్టమున్నవాళ్లందరినీ మార్కులు వెయ్యమన్నారు. అలా 3,344 మంది వేశారు. కళల గురించి మీకెంత తెలుసో మీరే చెప్పండి అని వాళ్లను ముందుగా అడిగి రాసుకున్నారు.

ఇందులో నాకు నచ్చినది వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు. మార్కులు వేసేవారికి ఫోటోగ్రాఫరు పేరు కనబడదు. ఏ ఫోటో ముందు వస్తుందో తెలియదు. తమ్ముడి ఫోటో ఎక్కడుందో వెతికి దానికే మార్కులు వేద్దామంటే కుదరదు. ఎందుకీ జాగ్రత్త అంటారా? ఇంటర్నెట్‌లో లైకుల సంగతి మీకు తెలియనిది కాదు. స్నేహితులు ఎక్కువ ఉన్నవాడి బొమ్మే గొప్పదవుతుంది. వెయ్యి లైకులు ఇప్పటికే ఉన్నదానికి ఇంకో వెయ్యి వచ్చి పడతాయి. చివరికి 78 ఫోటోలను గోడకెక్కించారు. జూన్ 27 నుంచి ఆగస్టు 10 దాకా ప్రదర్శన జరిగింది. మార్కులు ఎక్కువ వచ్చిన ఫోటో పెద్దది, తక్కువ వచ్చినది చిన్నది.

ఆ చివరి పద్ధతి మాత్రం నాకంతగా రుచించలేదు. కొన్ని బొమ్మలు మొదటిచూపుకు ఆనవు. వాటిని చిన్నవి చేస్తే ఇంకా ఆనవు.

మన ఊళ్లో అయితే మూడువేల మంది అక్కర్లేదు, పది మంది చాలు. ఒక స్టూడియో యజమాని, బడిలో డ్రాయింగు మాస్టారు, కాలేజీ అమ్మాయి, మిరప కల్లంలో పని చేసిన ఒకావిడ. ఫోటోలకు అంకెలు వేసి, పేర్లు దాచి చూపించండి. తాలుకాయలు ఏరే చెయ్యి నిజంగా ఏరుతోందా, ఫోటో కోసం పెట్టిందా అన్నది ఆవిడకు తెలిసినట్టు డ్రాయింగు మాస్టారికి తెలియదు.

రెండో చిక్కు బొమ్మ కొలత. ఫోను తెర మీద నిగనిగలాడినది గోడ మీద అలాగే ఉండాలని లేదు. డిజిటల్ బొమ్మ అంటే చుక్కల ముగ్గు అనుకోండి. దగ్గరగా నిలబడి చూసే ప్రింటుకు అంగుళానికి 200 చుక్కలైనా ఉంటే బాగుంటుంది. కలర్ ల్యాబుల్లో వేసే 12 అంగుళాలు, 18 అంగుళాల ప్రింటుకు ఆ లెక్కన 2400, 3600 చుక్కలు కావాలి. అంటే 86 లక్షల పైచిలుకు. ఈనాటి చాలా ఫోనులు అంతకంటే ఎక్కువే తీస్తాయి. కాని ఇన్‌స్టాగ్రామ్‌కు చేరేసరికి మామూలుగా వెడల్పు 1080 చుక్కలకు కుదించుకుపోతుంది. దాన్ని 12 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 90 చుక్కలే మిగులుతాయి, ముఖం అలుక్కుపోతుంది. కాబట్టి పోస్టు చేసిన బొమ్మ కాదు, తీసిన అసలు ఫైలు అడగండి. వాట్సాప్‌లో పంపితే ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపమనండి, తగ్గకుండా వస్తుంది.

ఇంకొక మాట. తెర తన వెలుగుతో తాను కనబడుతుంది, కాగితం గదిలోని వెలుగుతో కనబడుతుంది. అందుకే ప్రింటు కాస్త నల్లబడినట్టు వస్తుంది. ముందు చిన్నది ఒకటి వేయించి చూసుకోవాలి. మెరుపు కాగితం వద్దు, మ్యాట్ కాగితం మేలు. లేకపోతే బొమ్మకు బదులు ట్యూబులైటు కనబడుతుంది. బొమ్మ నడిమిభాగం నేలకు సుమారు ఐదడుగుల ఎత్తున ఉండాలి.

చోటు మాటకు వస్తే, హైదరాబాదులో 2015లో మొదలైన ఇండియన్ ఫోటోగ్రఫీ ఫెస్టివల్‌కు మాదాపూరులో స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ఉంది. మనకు అలాంటిది దొరకకపోతే ఆషాఢమాసంలో కల్యాణమండపం ఖాళీగానే ఉంటుంది కదా. గోడలకు చెమ్మ లేకుండా చూసుకోండి.

ఇక హక్కుల సంగతి. ఇంటర్నెట్‌లో పెట్టినంత మాత్రాన ఫోటో ఊరుమ్మడి సొత్తు కాదు. 1957 నాటి కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణ తర్వాత, ఫోటో మీద హక్కు తీసినవారి జీవితకాలం, ఆపైన మరో 60 ఏళ్లు ఉంటుంది. ఒక మెలిక ఉంది. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో మీద, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కు తీయించుకున్నవారిదే. పెళ్లి ఫోటోలు ఈ కోవలోవి. అందుచేత స్టూడియో కుర్రవాడు మంచి పెళ్లి ఫోటో తెచ్చిస్తే, పెళ్లివారి అనుమతి ఉందా అని అడగండి. చట్టం సంగతి ఎలా ఉన్నా, ఫోటోలో ఉన్న మనిషినీ అడగడం మర్యాద.

బొమ్మ కింద చీటీలో తీసినవారి పేరు, ఊరు, సంవత్సరం తప్పక ఉండాలి. తెలుగులో ఒకసారి, కన్నడమో తమిళమో ఒరియానో మరాఠీయో, మీరున్న చోటి భాషలో ఒకసారి. చూడవచ్చే ఇరుగుపొరుగు వారు చదువుకోవాలి కదా.

ఆ కుర్రవాడికి బంతిలోనే ఇదంతా చెప్పాను. అసలు ఫైలు పాత ఫోనులో ఉందట. నిన్న కబురు చేశాడు, దొరికిందట. ల్యాబులో పెద్ద ప్రింటు వేయించడానికి ఇచ్చాడు. అది రాగానే క్యాంపుకు తీసుకెళ్లి, ‘నాయనమ్మా, దీన్ని ఊళ్లో గోడకు పెట్టుకోనా’ అని అడుగుతానన్నాడు.