ఆ మొదటి అయిదు నిమిషాలు

విద్యార్థులారా! నడిరోడ్డు మీద ఒక మనిషి ఉన్నట్టుండి కుప్పకూలాడనుకోండి. ఎవరో 108కి ఫోను చేస్తారు. ఆ వాహనం వచ్చేలోగా అక్కడికి ముందుగా చేరేదెవరు? చాలాసార్లు కూడలిలో నిలబడిన పోలీసు కానిస్టేబులే! 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు ఆరాంఘర్ కూడలిలో అదే జరిగింది. పడిపోయిన మనిషి రొమ్మును ఒక ట్రాఫిక్ కానిస్టేబులు రెండు చేతులతో నొక్కి ప్రాణం నిలిపాడు. ఈ పద్ధతినే సి.పి.ఆర్. అంటారు.

రొమ్ము నొక్కితే ప్రాణం ఎలా నిలుస్తుంది?

పెద్దవారి శరీరంలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె ఒక్క నిమిషంలో దాదాపు అంత రక్తాన్ని పంపు చేస్తుంది. ఆ రక్తమే మెదడుకు ఆక్సిజన్‌ను మోసుకుపోతుంది. మెదడులో ఆక్సిజన్ నిల్వ ఉండదు. అందువలన గుండె ఆగితే కొద్ది సెకండ్లలోనే స్పృహ పోతుంది. నాలుగైదు నిమిషాలు గడిస్తే మెదడు కణాలు దెబ్బతినడం మొదలవుతుంది.

గుండె రొమ్ము ఎముకకు, వెన్నెముకకు నడుమ ఉంది. పైనుంచి నొక్కితే రక్తం బయటికి వెళ్తుంది. వదిలితే గుండె మళ్లీ నిండుతుంది. లోపలి కవాటాలు రక్తాన్ని వెనక్కు పోనివ్వవు. ఇలా మామూలు ప్రవాహంలో పావు వంతు నుంచి మూడో వంతు వరకు సాగుతుంది. ఆ కాస్తే మెదడును కాపాడుతుంది! అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ సంస్థకు చెందిన ముగ్గురు 1960లో ఈ పద్ధతిని లోకానికి తెలియజేశారు. వారిలో కౌవెన్‌హోవెన్ డాక్టరు కాదు, ఎలక్ట్రికల్ ఇంజనీరు!

పిలిచినా పలకక, ఊపిరి సరిగా ఆడని పెద్దవారికి రొమ్ము నడుమ 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. రెండు నిమిషాలకే ఎంతటి బలశాలి అయినా అలసిపోతాడు. అందుకే శిక్షణలో పోలీసులు బొమ్మ మీద సాధన చేస్తారు, ఒకరి తరువాత ఒకరు మారడం నేర్చుకుంటారు. ఈ విద్య పుస్తకంతో రాదు, చేతులతోనే వస్తుంది.

రోడ్డు ప్రమాదంలో మరొక శత్రువు రక్తస్రావం. రెండు లీటర్ల రక్తం పోతే ప్రాణానికే ముప్పు. శుభ్రమైన గుడ్డను గాయం మీద పెట్టి గట్టిగా అదిమి పట్టాలి. ఆగిందా లేదా అని మాటిమాటికి తీసి చూడరాదు. అప్పుడే కట్టిన గడ్డ ఊడిపోతుంది.

చేయవలసినవే కాక, చేయకూడనివి కూడా శిక్షణలో నేర్పుతారు. స్పృహ లేని వారి నోట్లో నీళ్లు పోయడం మన ఊళ్లలో అలవాటు. అది చాలా ప్రమాదం! స్పృహ లేనప్పుడు మింగడం జరగదు. నీరు శ్వాసనాళంలోకి పోవచ్చు. మెడకు దెబ్బ తగిలినవారిని చేతులు, కాళ్లు పట్టి లాగితే వెన్నుపాము దెబ్బతినవచ్చు. మంటల వంటి అపాయం ఉంటే తప్ప కదపరాదు.

పోలీసులకు ప్రథమ చికిత్స నేర్పడం కొత్త సంగతి కాదు. 1877లో ఇంగ్లండులో మొదలయిన సెయింట్ జాన్ అంబులెన్స్ సంఘం పోలీసులకు, రైల్వే కార్మికులకు, గని కార్మికులకు ఈ పాఠాలు చెప్పింది.

మరి పోలీసు కూడా దగ్గరలో లేకపోతే? అప్పుడు ముందుగా చేరేది మీరే కావచ్చు! “సాయం చేస్తే కేసులో ఇరుక్కుంటాం” అని పెద్దలు వెనుకాడుతుంటారు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ ప్రమాద బాధితులకు సదుద్దేశంతో సాయపడేవారికి రక్షణ కల్పించింది. ఈ మాట ఇంట్లో చెప్పండి. మీ బడిలో ఎన్.సి.సి.గాని, జూనియర్ రెడ్‌క్రాస్‌గాని ఉంటే ప్రథమ చికిత్స నేర్పమని అడగండి. అయితే ఒక హెచ్చరిక: రొమ్ము నొక్కడం బొమ్మ మీదే సాధన చేయాలి. చక్కగా కొట్టుకుంటున్న స్నేహితుని గుండె మీద ఎన్నడూ చేయకండి!